సాఫ్ట్‌వేరు పెట్టిన మర్నాటి నుంచి దానిని ఎవరు చూస్తారు? సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాలలోని తెలుగు సంఘాల, వాటి గ్రంథాలయాల కార్యవర్గ సభ్యులకు నమస్కారములు.

అయ్యలారా, అమ్మలారా,

నేను పర్లాకిమిడి వాడిని. పగలు ఒక విద్యాసంస్థలో కంప్యూటర్ల గది చూసుకుంటాను. సాయంత్రాలు మన తెలుగు గ్రంథాలయాలలో ఒకదాని పుస్తకాల జాబితాను, దానిని నడిపే సర్వరును కనిపెట్టుకుని ఉంటాను. ఈ మధ్య మన సంఘాలలో కొన్ని తమ గ్రంథాలయాలను కంప్యూటరీకరించాలని తీర్మానించుకుంటున్నాయని, అందుకు కోహా అనే ఓపెన్ సోర్స్ (లోపలి కోడును ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల) గ్రంథాలయ సాఫ్ట్‌వేరును ఎంచుకుంటున్నాయని తెలిసి ఎంతో సంతోషించాను. అలాంటి తీర్మానాల నకళ్లు రెండు మూడు చూసే అవకాశం కూడా కలిగింది. వాటిలో కంప్యూటరుకు, ప్రింటరుకు, బార్‌కోడ్ స్కానరుకు, ప్రారంభోత్సవానికి డబ్బు కేటాయించి, సాఫ్ట్‌వేరు పద్దుకు ఎదురుగా ‘ఉచితం’ అని రాసి వదిలేశారు. ప్రారంభోత్సవం మర్నాటి నుంచి దానిని ఎవరు చూస్తారు, ఏ డబ్బుతో చూస్తారు, ఆ మనిషి ఊరు విడిచి వెళితే ఆ పనిని ఎవరు అందుకుంటారు అన్న సంగతి ఒక్క తీర్మానంలోనూ కనిపించలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. కొన్నేళ్ల క్రితం ఈ జిల్లాలలోనే ఒక చిన్న గ్రంథాలయానికి ఆ ఊరి కుర్రవాడొకడు, ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతూ, వేసవి సెలవుల్లో పూనుకుని ఒక పాత డెస్క్‌టాప్ మీద కోహా పెట్టి ఇచ్చాడు. ఎంతో శ్రద్ధగా చేశాడు. ఆ వీధి పిల్లలు రెండు వేసవులు కూర్చుని నాలుగు వేల పైచిలుకు పుస్తకాల వివరాలు తెలుగులో టైపు చేశారు. తరువాత ఆ కుర్రవాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఒకనాడు వర్షాకాలపు సాయంత్రం కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చాక ఆ కంప్యూటరు మళ్లీ లేవలేదు. నన్ను పిలిస్తే వెళ్లి మూత విప్పి చూశాను. లోపల డిస్కు గడియారంలా టిక్కు టిక్కుమంటోంది, ఎంతసేపటికీ తిరగడం లేదు. పాస్‌వర్డులు ఎక్కడ రాసి ఉన్నాయని అడిగితే గ్రంథపాలకులు తన దగ్గరున్న ఫోన్ నంబరు చూపించారు. ఆ నంబరు మారిపోయి చాలా కాలమైంది. వారం రోజుల తరువాత ఆ కుర్రవాడి ఆచూకీ దొరికినప్పుడు, రోజూ బ్యాకప్ తీసేలా అమర్చానని నిజాయితీగా చెప్పాడు. అది నిజమే. కోహా రోజూ బ్యాకప్ తీసింది, కానీ అదే డిస్కులో పెట్టింది. గ్రంథపాలకుడైన ఆ పెద్దాయన బీరువాలోంచి పాత అక్సెషన్ రిజిస్టరు, అంటే వచ్చిన పుస్తకాలను వరుస నంబర్లతో చేత్తో రాసుకునే పుస్తకం, తీసి, మొదటి పేజీ తెరిచి, ఒకటో నంబరు పుస్తకం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ కుర్రవాడిని తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు. అతను సొంత సెలవులు ధారపోశాడు. ఒక్కడికి అప్పగించి, అతని తరువాత ఎవరని అడగని కార్యవర్గానిది ఆ తప్పు. ఆ రోజుల్లో నేనూ ఆ గ్రంథాలయానికి వెళ్తూ వస్తూ ఉండి ఆ ప్రశ్న అడగలేదు గనుక, నాది కూడా.

కోహా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దానితో మన బాధ్యత ఏమిటో స్పష్టపడుతుంది. న్యూజిలాండులో హోరోఫెనువా అనే ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరపు తేదీలను అర్థం చేసుకోలేదని తేలింది. దానితో వారు 1999లో ఒక చిన్న సంస్థ చేత కొత్త సాఫ్ట్‌వేరు రాయించుకున్నారు. 2000 జనవరి 3న అది పనిలోకి వచ్చింది. దానిని తమ దగ్గరే ఉంచుకోకుండా జీపీఎల్ లైసెన్సు కింద లోకానికి ఇచ్చేశారు. దానికి పెట్టిన ‘కోహా’ అనే పేరు మావోరీ భాషలోని మాట. తిరిగి ఇవ్వవలసిన బాధ్యత కూడా కలిసి ఉన్న కానుక అని దాని అర్థం. మనకు ఇది కొత్త సంగతి కాదు. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసుకునే పుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో చూసుకుని, వాళ్లింట్లో శుభకార్యం జరిగినప్పుడు మనమూ చదివించి వస్తాం. కోహాను చదివింపుగా అందుకుని పుస్తకంలో రాసుకోవడం మరిచిపోయిన ఇల్లు మనది.

లైసెన్సు విషయం ఒక్కమాటలో చెబుతాను. జీపీఎల్ మనకు వాడుకునే హక్కు, లోపలి కోడు చదివే హక్కు, మార్చుకునే హక్కు, పంచే హక్కు ఇస్తుంది. దానితోపాటే, ఏ హామీ లేకుండా ఇస్తున్నామని కూడా స్పష్టంగా చెబుతుంది. కొన్న సాఫ్ట్‌వేరు పాడైతే అమ్మినవారిని నిలదీయవచ్చు. ఇక్కడ ఆ అమ్మినవారి స్థానంలో మనమే ఉన్నాం.

అమరిక గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన గ్రంథాలయాల అవసరాలు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న గ్రంథాలయాల అవసరాల వంటివి కావు. మన అలమారాలలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పుస్తకాలు పక్కపక్కనే ఉంటాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష కోసం ఎంత శ్రమపడ్డారో మీకందరికీ తెలుసు. సవర భాషకు పుట్టిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే ప్రమాణంలో, చోటు దొరికింది కాబట్టి, ఇప్పుడు ఆ లిపిలో అచ్చయిన పుస్తకాలనూ వాటి సొంత అక్షరాలలోనే జాబితాకు ఎక్కించవచ్చు. మా గ్రంథాలయంలో పుస్తకాల వెన్నుమీద అంటించే చీటీలను పంతులుగారి పేరుతో వచ్చిన ‘గిడుగు’ ఫాంటుతోనే అచ్చువేస్తున్నాం. అదీ స్వేచ్ఛగా వాడుకోవడానికి ఇచ్చిన ఫాంటే.

మేము మొదట కోహా పెట్టినప్పుడు, పుస్తకం పేరు తెలుగులో టైపు చేసి వెతికితే కొన్నిసార్లు ఏమీ దొరికేది కాదు, కొన్నిసార్లు సంబంధం లేనివన్నీ వచ్చేవి. కోహా వెతుకులాటకు జీబ్రా అనే సూచీ వ్యవస్థను వాడుతుంది. మామూలుగా దానితో వచ్చే అమరిక లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకుని చేసినది. తెలుగు, ఒడియా వంటి లిపుల పదాలను సరిగా విడగొట్టాలంటే ఐసీయూ అనే పద్ధతికి మార్చి, కోహా అమరికలలో ‘యూజ్ ఐసీయూ’తో మొదలయ్యే దానిని కూడా వాడుతున్నట్టుగా గుర్తుపెట్టి, ఆ తరువాత మొత్తం సూచీని మళ్లీ కట్టించాలి. ఇంత చేశాక కూడా కొన్ని పుస్తకాలు చిక్కలేదు. రెండు రాత్రులు తల బద్దలుకొట్టుకుంటే కారణం దొరికింది. ‘మద్రాస్’ వంటి పొల్లుతో ముగిసే మాటను టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. పొల్లు తరువాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపడం దాని పని. అది ఉన్న ‘మద్రాస్’, లేని ‘మద్రాస్’ తెరమీద ఒక్కలాగే కనిపిస్తాయి గాని, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు. పిల్లల్లో కొందరు ఫోనులో టైపు చేసి పంపినవి, కొందరు కంప్యూటరు మీద నేరుగా ఎక్కించినవి కలిసిపోవడంతో ఈ గందరగోళం పుట్టింది. వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని తీసివేయమని ఐసీయూ ఫైలులో ఒక్క వరుస చేర్చితే సరిపోయింది.

ఆ ఒక్క వరుస సంగతి మా నోటుపుస్తకంలో తేదీతో సహా రాసి ఉంది. ఏ ఫైలులో, ఎన్నో వరుస దగ్గర, ఎందుకు చేర్చామో, అంతకు ముందు అక్కడ ఏముండేదో రాసుకున్నాం. రేపు నేను లేకపోయినా, కొత్త సర్వరు మీద మొదటి నుంచి పెట్టవలసి వచ్చినా, ఆ రెండు రాత్రుల పని మళ్లీ చేయనక్కరలేదు. ఫైళ్ల మార్పుల చరిత్రను గిట్ అనే, మార్పులను నమోదు చేసే సాఫ్ట్‌వేరులో కూడా ఉంచుతున్నాం. కానీ కార్యదర్శిగారు తెరిచి చదవగలిగేది నోటుపుస్తకమే గనుక, దానిని వదలవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇంకొక అమరిక గురించి చెప్పాలి. దాని వల్ల మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు చదవడం కూడబలుక్కుంటూ నేర్చుకుంటున్నారు. జాబితాలో పుస్తకపు పేరును తెలుగులో ముఖ్య శీర్షికగా 245 అనే గడిలో పెట్టి, అదే పేరును ఒడియా లిపిలో 246 అనే గడిలో, అంటే పేరు మరో రూపంలో రాసే చోట, చేర్చాం. ఇప్పుడు అయిదో తరగతి పిల్ల ఒడియా అక్షరాలలో పేరు కొట్టినా తెలుగు పుస్తకం దొరుకుతుంది, అలమారా నంబరు చూసుకుని తనే వెళ్లి తీసుకుంటుంది. ఈ పద్ధతిని మన సంఘాలన్నీ ఒకే తీరుగా పాటిస్తే, రేపు బరంపురం జాబితాను గుణుపురం జాబితాతో కలపడం తేలికవుతుంది.

బ్యాకప్ సంగతికి వస్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఏం చేసిందో ఇక్కడ ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. అంతకు ముందు 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మన ఊళ్లలో సర్వరు పెట్టేటప్పుడు ఆ రోజులను తలచుకునే పెట్టాలి. జాబితాకు కనీసం మూడు నకళ్లు ఉండాలి, అవి ఒకే రకపు పరికరంలో ఉండకూడదు, వాటిలో ఒకటి మరో ఊళ్లో ఉండాలి. పర్లాకిమిడి వాళ్లు పాతపట్నంలో నకలు పెట్టుకుంటే వేరే రాష్ట్రంలో పెట్టినట్టే గాని, ఒకే తుఫాను రెండు చోట్లనూ ముంచుతుంది. మా నకలు ఒకటి ఘాట్ మీదున్న జయపురంలో ఒక మిత్రుని ఇంట ఉంది. జయపురం వారి నకలు మా దగ్గర ఉంచడానికి మేము సిద్ధం.

అయితే నకలు తీయడం ఒక ఎత్తు, దాని నుంచి జాబితాను మళ్లీ నిలబెట్టగలమా అన్నది మరో ఎత్తు. కోహా తీసే బ్యాకప్ రెండు ఫైళ్లుగా వస్తుంది: ఒకటి పుస్తకాలూ సభ్యులూ ఉన్న డేటాబేసు, రెండోది అమరికల ఫైళ్లు. మేము మూడు నెలలకు ఒకసారి ఆదివారం పూట వేరే కంప్యూటరు మీద ఆ రెండింటినీ ఎక్కించి, రిజిస్టరులోంచి ఏవో పది పుస్తకాలు తీసుకుని వెతికి చూస్తాం. మొదటిసారి చేసినప్పుడు మాకు దొరికింది సగం రాసి ఆగిపోయిన ఫైలు. పెన్‌డ్రైవులో చోటు చాలక అలా ఆగిపోతున్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఆదివారం పరీక్ష పెట్టుకోకపోయి ఉంటే మాకూ పాత అక్సెషన్ రిజిస్టరే దిక్కయ్యేది.

కొందరు పెద్దలు ‘బాగా నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకు’ అంటారు. ఆ మాట వెనుక ఉన్న జాగ్రత్తను గౌరవిస్తాను. కానీ సాఫ్ట్‌వేరు విషయంలో దానిని ఒప్పుకోలేను. కోహా కింద పునాదిగా ఉండే డెబియన్ అనే లినక్సు వ్యవస్థకు ప్రతి స్థిర విడుదలకూ మూడేళ్లు పూర్తి మద్దతు, దీర్ఘకాలిక మద్దతుతో కలిపి సుమారు ఐదేళ్లు మాత్రమే ఉంటుంది. ఆపైన అందులో బయటపడే లోపాలకు మామూలుగా దిద్దుబాట్లు రావు. కోహాకు ప్రతి ఏటా మే, నవంబరు నెలలలో పెద్ద విడుదలలు వస్తాయి, మధ్యలో చిన్న దిద్దుబాట్లు వస్తూనే ఉంటాయి. జాబితాను ఇంటర్నెట్టులో అందరికీ తెరిచి ఉంచితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే వెబ్‌సైటు భద్రతా ధ్రువపత్రం 90 రోజులకు మించి చెల్లదు. దానిని దానంతట అదే పునరుద్ధరించుకునేలా అమర్చవచ్చు గాని, ఆ అమరిక పనిచేస్తోందో లేదో చూసే కన్ను ఒకటి ఉండాలి. ఇక మన సభ్యుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఆ డేటాబేసులోనే ఉన్నాయి. దిద్దుబాట్లు లేని సర్వరును ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచడమంటే వాళ్లు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలను వీధిలో పెట్టడమే.

అప్‌డేట్ల విషయంలో మన ఊళ్లలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ముఖపత్రం మీద సంఘం పేరు, చిహ్నం పెట్టడానికి కొందరు కుర్రవాళ్లు కోహా సొంత ఫైళ్లనే నేరుగా మారుస్తారు. తరువాత అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ ఫైళ్ల స్థానంలో కొత్తవి వచ్చి, పెట్టినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. దానితో భయపడి అప్‌డేట్లే ఆపేస్తారు. రూపురేఖలు మార్చుకోవడానికి కోహా అమరికలలోనే వేరుగా చోటు ఉంది. అక్కడ రాసినవి డేటాబేసులో ఉంటాయి, అప్‌డేట్ వాటిని తాకదు. మీ గ్రంథాలయంలో పనిచేసే పిల్లలకు ఈ ఒక్క మాట ముందుగా చెప్పండి.

ఒంటరిగా ఉన్న నిర్వాహకుడి మీద ఎంత భారం పడుతుందో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేరు దాదాపు ప్రతి లినక్సు యంత్రంలోనూ ఉంటుంది. దానిని ఏళ్ల తరబడి ప్రధానంగా ఒకే మనిషి, జీతం లేకుండా, అలసిపోతూ చూసుకున్నాడు. సహాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు మనిషి అందులో దొంగదారి పెట్టాడు. సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దానిని బయటపెట్టకపోతే ఎంత నష్టం జరిగేదో ఊహించలేం. డెబియన్ స్థిర విడుదల వాడుతున్నవారికి అది చేరలేదు, అందుకే నేను ఎప్పుడూ స్థిర విడుదలనే పెట్టమంటాను. కానీ నాకు ఆ ఉదంతంలో దొంగ కంటే ఎక్కువగా గుర్తుండిపోయినది, అంతకాలం ఎవరూ పలకరించని ఆ నిర్వాహకుడు. మన గ్రంథాలయాలలో కోహా చూసుకుంటున్న కుర్రవాళ్లు, ఆడపిల్లలు అందరూ అలాంటి ఒంటరివాళ్లే.

కాబట్టి మీ తదుపరి సమావేశంలో కొన్ని విషయాలను తీర్మానాలుగా చేర్చవలసిందని కోరుతున్నాను. సర్వరు, డొమైన్ పేరు, దానికి వాడే ఈమెయిలు అన్నీ సంఘం పేరుమీదే ఉండాలి గాని, ఏ వ్యక్తి పేరుమీదా ఉండకూడదు. పాస్‌వర్డులు రాసిన కాగితం సీలువేసిన కవరులో సంఘపు బీరువాలో, మినిట్స్ పుస్తకం పక్కన ఉండాలి. కార్యవర్గం మారినప్పుడల్లా పాస్‌వర్డులు మార్చి కొత్త కవరు పెట్టాలి. చూసుకునేవారు ఇద్దరు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు వచ్చే ఐదేళ్లలో ఊరు విడిచి వెళ్లే అవకాశం తక్కువ ఉన్నవారై ఉండాలి. పై చదువులకు, ఉద్యోగాలకు పిల్లలు వెళ్లిపోవడం సహజం, వెళ్లాలి కూడా. వెళ్లే ముందు ఒక నెలపాటు తరువాతివారితో కలిసి పనిచేసేలా ముందే అనుకోవాలి.

డబ్బు మాట చెప్పక తప్పదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రైలు వచ్చిన నాటి నుంచి ఈ దారిలో పట్టాలు వేసిన ఖర్చు వేరు, రోజూ సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడిచే కీమ్యాన్ జీతం వేరు. మన బడ్జెట్లలో మొదటిదే ఉంది. సర్వరు అద్దెకో విద్యుత్తుకో, యూపీఎస్ బ్యాటరీకో, రెండేళ్లకో మూడేళ్లకో ఒక కొత్త డిస్కుకో, చూసుకునేవారికి గౌరవ వేతనానికో కలిపి ప్రతి ఏటా ఒక పద్దు ఉండాలి. ఉగాదికి పందిరికి, మైకుకు మనం వెచ్చించే దానితో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు. చూసుకునేవారికి డబ్బు ఇవ్వడం సేవాభావానికి తక్కువని కొందరు అనుకుంటారు. ఊరు విడిచి వెళ్లకుండా ఇక్కడే ఏ దుకాణంలోనో లెక్కలు రాసుకుంటూ ఆదివారాలు సర్వరు దగ్గర కూర్చునే అమ్మాయికి నెలకు కొంత ఇవ్వడంలో నాకు ఏ తక్కువా కనిపించదు.

ఇక మన చదివింపు గురించి. కోహా తెర మీది మాటల తెలుగు అనువాదం స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతిలో ఉంది. మనవాళ్లు వాడుతూ ఉంటే ఎక్కడ అనువాదం తప్పుగా ఉందో, ఎక్కడ అర్థం కాకుండా ఉందో తెలుస్తూనే ఉంటుంది. అవి మన గోడల మధ్య గొణుక్కోకుండా అనువాదకుల వేదికకు చేర్చాలి. తెలుగు, ఒడియా వెతుకులాటలో మనం కనిపెట్టిన దిద్దుబాట్లను కోహా సముదాయానికి పంపాలి. ‘మద్రాస్’ చివరి కనిపించని అక్షరపు చిక్కు రేపు ఏ సిరొంచలోనో, ఖరగ్‌పూరులోనో ఉన్న తెలుగు గ్రంథాలయంలో ఎదురైతే, వాళ్లు రెండు రాత్రులు మేలుకోనక్కరలేదు.

జాబితా పోగొట్టుకున్న ఆ చిన్న గ్రంథాలయంలో ఇప్పుడు మళ్లీ కోహా నడుస్తోంది. ఈసారి ఇద్దరు అమ్మాయిలు చూసుకుంటున్నారు. ఆ పెద్దాయన రిజిస్టరులో పదిహేడు వందల నంబరు దాటారు. ప్రతి శనివారం ఆ వారపు నకలును ఒక పెన్‌డ్రైవులో బస్సులో వెళ్లే మనిషికి ఇచ్చి మరో ఊరికి పంపిస్తారు, చేరిందని ఫోను వచ్చేదాకా నిద్రపోరు. మీలో ఏ సంఘమైనా కోహా పెట్టాలనుకుంటే, పెట్టక ముందే ఒక ఆదివారం మా గ్రంథాలయానికి రండి. నోటుపుస్తకం చూపిస్తాను. నకలు నుంచి జాబితాను మీ కళ్లముందే తిరిగి నిలబెట్టి చూపిస్తాను. ఆ పుస్తకపు జిరాక్స్ తీసుకుని వెళ్లండి.

భవదీయుడు,
ఒక గ్రంథాలయ కార్యకర్త
పర్లాకిమిడి, గజపతి జిల్లా